నాన్న మగ్గం గుంటలో చేపలు

నాన్న పోయిన ఏడాదికి నేను ఆయన మగ్గం గుంటలో నీళ్లు పోశాను. సోలాపూర్‌లో మా గల్లీవాళ్లు నన్ను వెలివేయలేదు గానీ ఇంచుమించు అంత పనీ జరిగింది. అంతకుముందు పండక్కో పబ్బానికో లోపలికొచ్చి కూర్చునేవాళ్లు, ఆ తరువాత వాకిట్లో నిలబడే రెండు మాటలు మాట్లాడి వెళ్లిపోవడం మొదలుపెట్టారు.

గుంట మగ్గం చూడనివాళ్ల కోసం చెబుతాను. నేతగాడు నేల మీద కూర్చుని, కాళ్లు గుంటలోకి దించి, లోపలున్న చెక్కలను తొక్కుతూ నేస్తాడు. గుంట మనిషి నడుం దాకా లోతుంటుంది. మా ఇంట్లో అలాంటివి రెండు పక్కపక్కనే ఉండేవి. ఒకటి నాన్నది, ఒకటి అన్నయ్యది. నాన్న పోయాక అన్నయ్య రెండు మగ్గాలనూ విప్పి, కర్రలు కట్టకట్టి, వదిననూ పిల్లలనూ తీసుకుని భివండి వెళ్లిపోయాడు. గుంటలను వెంట తీసుకుపోలేడు కాబట్టి అవి నా వాటాకు వచ్చాయి.

గల్లీ మొత్తంలో మగ్గం ఆడని ఇల్లు మాదొక్కటే. అటు గోడ అవతలా ఇటు గోడ అవతలా నాడెలు టకటకలాడుతుంటే మధ్యలో నేనొక్కణ్ణే చాప మీద పడుకుని పైకప్పు రేకులు చూస్తుండేవాణ్ణి. బొంబాయిలో ఏళ్ల తరబడి ఒంటరిగా ఉన్నాను. అక్కడ ఎవరూ నావాళ్లు కాదు కాబట్టి అంత బాధ లేదు. ఇక్కడ చుట్టూ ఉన్నది నావాళ్లే. అందువల్ల ఇక్కడి ఒంటరితనం భరించడం చాలా కష్టమైంది.

బొంబాయిలో నేను టీకా మందులు తయారుచేసే ఒక ప్రయోగశాలలో పనిచేశాను. సీసాలు కడగడానికి చేరి, పశువుల గొంతువాపుకు టీకా తయారుచేసే గది దాకా ఎదిగాను. పని చెప్పుకోవడానికి తేలికే. జబ్బు తెచ్చే క్రిములను మాంసం రసంలో పెంచుతాం. బాగా పెరిగాక వేడి చేసి చంపుతాం. చచ్చిన క్రిములను పశువు ఒంట్లోకి ఎక్కిస్తాం. వాటితో పశువుకు హాని ఉండదు, కానీ దాని ఒళ్లు వాటిని గుర్తుపెట్టుకుంటుంది. రేపు అవే క్రిములు ప్రాణంతో వస్తే తరిమికొడుతుంది. నాన్నకు పక్షవాతం వచ్చిందని కబురు రాగానే ఆ పని వదిలి వచ్చాను. మళ్లీ వెళ్లలేదు. కుంఠా నాకా దగ్గర ఒక డాక్టరుగారి దవాఖానాలో నెత్తురు పరీక్షలు చేసి పొట్టపోసుకునేవాణ్ణి. అవి రెండో యుద్ధం రోజులు.

ఒకరోజు ఆ దవాఖానాకు మావాళ్లలోనే ఒక బట్టల సావుకారు వచ్చి, గుడ్డలో చుట్టి తెచ్చిన చేపను డాక్టరుగారి బల్ల మీద పెట్టాడు. డాక్టరుగారు శాకాహారి. పంచె చెంగుతో ముక్కు మూసుకుని, నా వైపు వేలు చూపించారు. హోట్గి రోడ్డు వైపు రాళ్లు కొట్టి వదిలేసిన ఖాణ్, అంటే గని, ఒకటి వాననీళ్లతో నిండి చెరువైంది. సావుకారు అందులో రవ్వ, బొచ్చె చేపపిల్లలను వదిలి పెంచుతున్నాడు. కలకత్తా నుంచి రైల్లో కుండల్లో తెప్పించిన పిల్లలు. యుద్ధం వల్ల తిండికి కటకటగా ఉంది, చేప ఎంత దొరికితే అంత అమ్ముడుపోతుంది. కానీ చలి మొదలయ్యేసరికి చేపల పక్కల మీద ఎర్ర మచ్చలు లేస్తున్నాయి. మచ్చ పుండవుతుంది, పుండు లోపలికి తొలుస్తుంది, చేప తేలిపోతుంది.

నేను ఆ పుండులోంచి కాస్త గీకి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. క్రిములు లుకలుకలాడుతున్నాయి. పశువుకు టీకా ఉన్నప్పుడు చేపకు మాత్రం ఎందుకుండకూడదు అనిపించింది. ఆ మాటే పైకి అన్నాను.

సావుకారు నవ్వాడు. “అరే బాబా, చేపకు సూది ఎక్కడ గుచ్చుతవు? రెక్కకా తోకకా?”

“గుచ్చ సేట్. తినిపిస్త.”

ఆయన నవ్వు ఆపి నన్ను ఎగాదిగా చూశాడు. “సరే, చేసి చూపెట్టు. నీ దవా తిన్నది బతికి, తిననిది సస్తే, నా ఖాణ్ల చేపలన్నీ నీ చేతుల పెడ్త.”

చేసి చూపించడానికి రెండు తొట్లు కావాలి. ఒకదానిలో మందు తిన్న చేపలు, రెండోదానిలో తినని చేపలు. దవాఖానాలో బల్ల మీద చేపను చూసే డాక్టరుగారు సగం చచ్చారు, అక్కడ తొట్లు పెట్టనిచ్చే ప్రశ్నే లేదు. ఇంటికొచ్చి చాప మీద కూర్చుంటే ఎదురుగా రెండు గుంటలు కనిపించాయి.

గోడలకు సిమెంటు పూయించి, దాని ఘాటు పోయేదాకా నీళ్లు నింపుతూ తోడిపోస్తూ చాలా రోజులు గడిపాను. ఆ నీళ్లు గల్లీలోకి పారడంతో విషయం అందరికీ తెలిసిపోయింది. మా కులపెద్ద ఒకాయన వచ్చాడు. నాన్నతో కలిసి కరీంనగరం జిల్లా నుంచి ఈ ఊరికి బతకొచ్చిన మనిషి.

“కులదేవుడు మార్కండేయునికి దండం పెట్టుకునే జాగల చేపలు పెడ్తవారా? నీ నాయిన కాళ్లు పెట్టిన గుంతరా అది.”

నా నోరు మంచిది కాదు. “నాయిన లేడు, మగ్గం లేదు. గుంతల ఎలుకలు పడి సస్తున్నయి. ఎలుకల కన్న చేపలు నయం గాదా కాకా?” అన్నాను.

ఆయన చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. నిజానికి ఆయన మాట నాకు తగలకపోలేదు. ఆ పని నిలబడితే నాన్న గుంటకు మళ్లీ ఒక పని దొరికినట్టవుతుంది. నిలబడకపోతే నాన్న జీవితమంతా కూర్చున్న చోటును ఉత్తపుణ్యానికి పాడుచేసిన కొడుకునవుతాను. అందుకే సావుకారు ఇచ్చిన మచ్చలేని చేపపిల్లల్లో మందు తినేవాటిని నాన్న గుంటలోనే వేశాను, తిననివాటిని అన్నయ్య గుంటలో. నాన్న గుంటలోవి బతకాలి, నాకు కావలసిందల్లా అదొక్కటే.

ఇంత జరిగినా మా ఇంట్లోకి రావడం మానని మనిషి ఒక్కతే ఉంది. ఎదురింటి పెద్దమ్మ. చుట్టరికం ఏమీ లేదు, పిలుపు మాత్రమే. గల్లీలో పడుగులకు గంజి కాచే పని ఆమెది. మా దగ్గర పొద్దున్నే గల్లీ పొడుగునా పడుగులు సాగదీసి కట్టి, నూలు పోగులు తెగకుండా జొన్నపిండి గంజి పట్టించి కుంచెతో దువ్వుతారు. పెద్దమ్మ కాచిన గంజి పట్టిస్తే పోగు తెగదని పేరు. చేపలు వేశాక ఆమె మొదటిసారి వచ్చి నాన్న గుంటలోకి తొంగిచూసి, చాలాసేపు చేపలనే చూస్తూ నిలబడింది. తిడుతుందేమోనని ఎదురుచూశాను.

“నీ నాయిన గిట్లనే బిడ్డా. నేసినంత సేపు నోరు తెరుసుడు మూసుడే గని, ఒక్క మాట ఇనబడకపోయేది.”

నాన్న పోయాక నేను పైకి నవ్వడం అదే మొదటిసారి.

మందు తయారైంది కానీ తినిపించడం తయారు కాలేదు. చచ్చిన క్రిముల రసాన్ని తవుడులో పల్లిచెక్కలో కలిపి వేస్తే, చేప నోటికి అందేలోపే నీళ్లలో కరిగిపోయేది. ఉండ గట్టిగా నిలవడానికి బంక కావాలి. పెద్దమ్మ గంజి ఉండగా బంకకు వెతకడం ఏమిటి? ఆ రోజు నుంచి పడుగుల గంజి దించగానే ఒక గిన్నెలో పోసుకుని నాకు తెచ్చి ఇచ్చేది. నేను ఉండలు చేస్తుంటే పక్కన కూర్చుని ప్రశ్నలు వేసేది.

“ఏందిరా ఆ సీసలది?”

“పురుగులు పెద్దమ్మా. చేపలకు పుండ్లు పుట్టిచ్చే పురుగులు. నేనే పెంచిన, నేనే సంపిన.”

“పెంచుడెందుకు, సంపుడెందుకు? పని లేకనా?”

చచ్చినవాటిని తిన్న చేప, రేపు బతికినవి వస్తే గుర్తుపడుతుందని చెప్పాను. ఆమె బుగ్గన చెయ్యి పెట్టుకుంది. “చేపకు గంత యాదుంటదా? మా పెద్దోడు పుణె పొయ్యి మూడు దసరాలాయె, తల్లి యాదికి రాలే.”

ఆ పొద్దుటి పూటలు నాకు ఎంత అవసరమో అప్పుడు తెలియలేదు. దవాఖానాలో నన్ను నెత్తురు సీసా తెచ్చే మనిషిగా చూసేవాళ్లు, గల్లీలో ‘చేపల డాక్టర్’ అని వెనక నుంచి పిలిచి నవ్వేవాళ్లు. రోజు మొత్తంలో ఎవరో ఒకరు నా ఇంటి లోపల కూర్చుని మాట్లాడేది ఆ కాస్తసేపే. ఆమె లేచి చెంగు దులుపుకుంటుంటే ఇంకో ప్రశ్న అడిగితే బాగుండుననిపించేది.

కొన్ని వారాలు మందు తినిపించాక అసలు పరీక్షకు దిగాను. సావుకారు గని నుంచి జబ్బు చేపల పుండ్ల చీమునూ ఆ నీళ్లనూ తెచ్చి, రెండు గుంటల్లోనూ సమానంగా కలిపాను. ఆ తరువాత పొద్దునా సాయంత్రం గుంట గట్టున బోర్లా పడుకుని చూడటమే పని. ముందు అన్నయ్య గుంటలో ఒక రవ్వ పిల్ల పక్క మీద ఎర్రటి మచ్చ కనిపించింది. మరుసటి రోజుకు మరికొన్నిటికి. నాన్న గుంటలో ఒక్కదానికీ లేదు. తోడి చూశాను, చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. పొలుసులు తళతళలాడుతున్నాయి.

ఎంత సంతోషమంటే, ఎవరికైనా చెప్పకపోతే గుండె పగిలేలా ఉంది. డాక్టరుగారికి చెబితే “బాగుంది” అని వెంటనే తరువాతి రోగిని పిలిచారు. భివండికి రాద్దామనుకుని, ఏమని రాయాలో తెలియక ఊరుకున్నాను. పెద్దమ్మకు చెప్పాను. ఆమె గుంట గట్టున కూర్చుని, “నీ నాయినకు సుత చూపెట్టు” అంది, నాన్న పక్క గదిలోనే ఉన్నట్టు. వచ్చి చూసుకొమ్మని సావుకారుకు కబురంపాను.

సరిగ్గా అప్పుడే నన్ను చలిజ్వరం పట్టుకుంది. పళ్లు టకటక కొట్టుకుంటుంటే గొంగళి కప్పుకుని పడిపోయాను. బయట కాలం కాని ముసురు. చేపలు ఆకలికి పడి ఉంటే పరీక్ష పాడవుతుంది. పెద్దమ్మను పిలిచి, ఇత్తడి గిన్నెలోది మందు కలిపిన మేత, అది నాన్న గుంటకు, మట్టి చిప్పలోది ఉత్త మేత, అది అన్నయ్య గుంటకు అని చెప్పాను. ఆమె తలూపింది. జ్వరంలో కళ్లు మూసుకుని ఉన్నా ఆమె అడుగులు వినిపించేవి. ముందు నాన్న గుంట దగ్గర, ఆ తరువాత అన్నయ్య గుంట దగ్గర. చివరికి నా దగ్గరకొచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టేది. ఒంట్లో బాగా లేకపోయినా, ఆ రెండు మూడు రోజులూ నేను ఒంటరిగా లేను.

జ్వరం దిగిన పొద్దున గోడ పట్టుకుని గుంటల దగ్గరికి నడిచాను. నాన్న గుంటలో చేపలన్నీ వెల్లకిలా తేలి ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు. అన్నయ్య గుంటలోవి ఎర్ర మచ్చలతోనే, కానీ మెల్లగా తిరుగుతున్నాయి.

అక్కడే కూలబడ్డాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు, గుమ్మంలో సావుకారు గొంతు వినిపించింది. “క్యా డాక్టర్‌సాబ్, చేపలు ఏమంటున్నయి?” ఆయన వెనక గల్లీవాళ్లు కొందరు. గుంటల్లో నీళ్లు పోసిన తరువాత మా ఇంట్లోకి వాళ్లు అడుగుపెట్టడం అదే మొదటిసారి.

ఆయన రెండు గుంటలూ చూశాడు. “ఏది దవా తిన్నది?”

నాన్న గుంట చూపించాను. ఒక చచ్చిన చేపను ఎత్తి పట్టుకుని, “సేట్, జర చూడుండ్రి. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. ఇది పుండుతోని సచ్చింది కాదు. వేరే ఏదో అయింది” అన్నాను.

“సచ్చిన చేపకు పుండు లేకుంటే ఏంది, ఉంటే ఏంది?” అన్నాడాయన.

అప్పుడే పెద్దమ్మ ఇత్తడి గిన్నెతో వచ్చింది, ఆ పూట మేత వేయడానికి. ఆ గిన్నె అంచున నీలంగా, పచ్చగా ఒక చార కనిపించింది. దాన్ని నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. మైలతుత్తం. మా గల్లీలో మరాఠీ మాటతో మోర్చూద్ అంటాం. ముసురు రోజుల్లో గంజి పులిసి బూజు పట్టకుండా నేతవాళ్లందరూ పడుగుల గంజిలో చిటికెడు వేస్తారు. నూలుకు అది మంచిదే, చేపకు మాత్రం విషం.

నేను అడగలేదు. ఆమే చెప్పింది, అందరిముందూ, గుంటలోకి ఇంకా చూడకుండానే. “ముసురు పట్టింది గద బిడ్డా, మందు ఖరాబైతదని భయపడ్డ. నువ్వే అంటివి, సచ్చిన పురుగులని. సచ్చింది కుళ్లదా? అందుకే గీ గిన్నెల రవ్వంత మోర్చూద్ ఏసిన. మందు లేనిదాంట్ల ఎందుకని ఏయలే.”

ఆమె అప్పుడు గుంటలోకి చూసింది. గిన్నె కింద పెట్టి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అయ్యో. నా చేతులు ఇరగ.”

సావుకారు ఆమె వైపు జాలిగా చూశాడు. “ఊకో అవ్వా. పిలగాని మీద ఎంత ప్రేమున్నా, సావు నీ నెత్తిన ఏసుకుంటవా? మాకు తెల్వదా?” ఆమె కాదంది, మార్కండేయుని మీద ఒట్టు పెట్టింది. ఎంత ఒట్టు పెడితే వాళ్లు అంత నమ్మలేదు. నేనూ నోరు తెరిచి ఉంటే, ముసలామె మీదికి తోస్తున్నాడని ఇంకో మాట అనేవాళ్లు. సావుకారు గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. గల్లీవాళ్లు ఆయన వెంటే.

నాకు కోపం రాలేదంటే అబద్ధం. మా ఇద్దరి మధ్యా ఉన్న ఆ గిన్నెను తన్నాలనిపించింది. కానీ పెద్దమ్మను ఒక్క మాటా అనలేదు. అది నా మంచితనమేమీ కాదు, భయం. ఈమె కూడా పోతే ఇక ఆ గుమ్మం లోపలికి వచ్చే మనిషి ఉండదని భయం. ఆమె మాత్రం నా మొహం చూడలేక, గోడవైపు తిరిగి నడిచి వెళ్లిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఎదురింట్లో గంజి కాగుతున్న వాసన మాత్రం వచ్చేది. అన్నయ్య గుంటలోని చేపలకు నేనే నూకలు వేస్తూ, వాటికి పుండ్లు లోతవడం చూస్తూ కూర్చున్నాను. చివరికి ఉండబట్టలేక ఒక పొద్దున గిన్నె తోమి పట్టుకుని ఆమె వాకిట్లో నిలబడ్డాను.

“పెద్దమ్మా, గంజి.”

ఆమె పొయ్యి దగ్గర నుంచి తల ఎత్తలేదు. “నా గంజి ఎందుకు బిడ్డా నీకు?”

“ఇంక చేపలున్నయి గద. ఏం పెట్టాలె వాటికి?”

ఆమె లేచింది. గిన్నె తీసుకుని గంజి పోసింది. నాకు ఇవ్వబోయి ఆగి, నా కళ్లలోకి చూస్తూ ఒక గుక్క తాను తాగింది. చెంగుతో అంచు తుడిచి అప్పుడు చేతికిచ్చింది. ఆ తరువాత రోజూ అంతే. నేను వాకిట్లో నిలబడాలి, ఆమె ఒక గుక్క తాగాలి, గిన్నె ఇవ్వాలి. “చేపలు మంచిగున్నయా?” అని అడుగుతుంది. “మంచిగున్నయి” అంటాను.

మంచిగా లేవు. పుండ్లు పడ్డ చేపలు ఒకటి తరువాత ఒకటి తేలాయి. ఆ చలికాలం సావుకారు గనిలోవీ తేలాయి. ఆయన ఆ వ్యాపారమే వదిలేశాడు. మళ్లీ చేపపిల్లలు తెప్పించే శక్తి నాకు లేదు. నా మందు నిజంగా పనిచేసేదో లేదో ఇప్పటికీ తెలియదు. పనిచేసిందనే నమ్ముతాను. నాన్న గుంటలోంచి ఎత్తిన ఏ చేప ఒంటి మీదా మచ్చ లేదు. కానీ నా నమ్మకం ఎవరికి కావాలి? రెండు గుంటలూ తోడేశాను, ఎండబెట్టాను. సిమెంటు గోడల మీద పాచి గీత మిగిలింది.

చేపలు లేవని పెద్దమ్మకు చెప్పలేదు. చెబితే రేపు పొద్దున గిన్నె పట్టుకుని వెళ్లడానికి కారణం ఉండదు. తెచ్చిన గంజిని మొదట పారబోసేవాణ్ణి. యుద్ధం రోజుల్లో జొన్నపిండి గంజి పారబోయడానికి మనసొప్పక, తరువాత నేనే తాగడం మొదలుపెట్టాను. చప్పగా ఉండేది. పడుగు గంజిలో ఉప్పు వెయ్యరు, చేప మేతకు అసలే అక్కర్లేదు.

ఒక పొద్దున ఎప్పటిలాగే గుంట గట్టున కూర్చుని గుక్క తాగాను. గంజిలో ఉప్పు ఉంది.

పొరపాటున పడిందేమో అనుకున్నాను. మర్నాడు ఉప్పుతో పాటు కాస్త మజ్జిగ కూడా కలిసి ఉంది. ఆ మర్నాడు గిన్నె మీద మూతలా ఒక ఆకు, ఆకులో ఒక ఉల్లిపాయ ముక్క. ఆమె ముఖంలో ఏ తేడా లేదు. ఎప్పటిలాగే ముందు తాను ఒక గుక్క తాగి, చెంగుతో అంచు తుడిచింది.

“చేపలు మంచిగున్నయా?”

“మంచిగున్నయి పెద్దమ్మా.”

గిన్నె నా చేతిలో పెట్టి, పొయ్యి వైపు తిరుగుతూ అంది. “ఇయ్యాల మస్తు ఏడిగుంది. జర సల్లారినంక పెట్టు. నోర్లు కాల్తయి వాటికి.”

ఇంటికొచ్చి, నాన్న కాళ్లు దించుకునే చోటే కాళ్లు దించుకుని కూర్చుని, ఊదుకుంటూ తాగాను.